నలభై రోజుల గండం

ఆగు. ఇంకో మెట్టు దిగకు.

ముందు కిందికి చూడు. గుంతలో మామ ఉన్నాడు. ఆయన నీకు సొంత మేనమామ కాడు. మీది ఒకే ఊరు, ఒకే షిఫ్టు, పొద్దున ఒకే బస్సు. అందుకని మామ. రెండు నిమిషాల కిందట "ఆ పెద్ద పానా అందీప్పా" అన్నాడు. నువ్వు పానా కోసం వెనక్కి తిరిగావు. మళ్ళీ చూసేసరికి మోకాళ్ళ మీద కూలబడి, గోడకు తల ఆనించి ఉన్నాడు. అరవలేదు. దగ్గలేదు. హెల్మెట్ ముక్కు మీదికి జారింది. దాన్ని పైకి తోసుకోవడం లేదు.

"మామా!"

పలకడు.

గాలి పీల్చి చూస్తావు. గ్రీజు వాసన, తడిమట్టి వాసన. అంతకు మించి ఏమీ లేదు. కళ్ళు మండడం లేదు, గొంతు పట్టడం లేదు, పొగ లేదు. ఏప్రిల్ నెల, పదకొండు గంటలు, బళ్ళారి ఎండ. వడదెబ్బేమో అనుకుంటావు. నీ చోట ఎవరున్నా అదే అనుకుంటారు.

వడదెబ్బ కాదు.

నువ్వున్నది బళ్ళారి నుంచి హొసపేట పోయే దారిలో, తోరణగల్లు దాపున. సండూరు కొండల ఎర్రదుమ్ము వేపాకుల మీద కూడా పేరుకునే చోటు. ఈ ఫ్యాక్టరీకి పేరు లేదు. ఈ గుంతను, ఈ షిఫ్టును నీ కోసం నేనే కల్పించాను. గుంతలో ఉన్న గ్యాసు మాత్రం కల్పన కాదు. అది మనిషిని ఏం చేస్తుందో కూడా కల్పన కాదు.

నీ వెనక మనిషి నిలబడి నడవగలిగినంత లావు పైపు షెడ్డు పొడవునా పోతోంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ బొగ్గు, ఇనుప ఖనిజం కలిసి కాగినప్పుడు కింద కరిగిన ఇనుము దిగుతుంది, పైన గ్యాసు లేస్తుంది. ఆ గ్యాసులో ఐదో వంతు, ఒక్కోసారి నాలుగో వంతు, కార్బన్ మోనాక్సైడ్. అది బాగా మండుతుంది కాబట్టి ఎవరూ వృథాగా వదిలేయరు, పైపుల్లో తీసుకెళ్ళి వేరే కొలిముల్లో మండిస్తారు. పైపులో చేరే నీళ్ళు కిందికి దిగిపోవడానికి అక్కడక్కడా సీల్ పాట్‌లు పెడతారు. ఆ పాట్‌లో నిలిచిన నీళ్ళే గ్యాసు బయటికి రాకుండా ఆపే అడ్డు. నీళ్ళు తగ్గితే అడ్డు పోయినట్టే. ఈ పొద్దున ఎప్పుడో తగ్గాయి. మామ దిగిన గుంత ఆ సీల్ పాట్ ఉన్న గుంతే.

ఇప్పుడు నీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, దిగి మామను ఎత్తుకు రావడం. రెండోది, పరిగెత్తి వీపున గాలి సిలిండర్ కట్టుకునే వాళ్ళను పిలవడం. ఆ గది షెడ్డు అవతలి కొసలో ఉంది. పోయి వాళ్ళను తీసుకొచ్చేసరికి మామ ఏమవుతాడు?

ఈ క్షణంలో నీకు తాడిపత్రి గుర్తుకు రావాలి. అదేం దూరం కాదు, గుంతకల్లు, గుత్తి దాటి పోతే వస్తుంది. 2018 జులై 12న అక్కడి గెర్డావ్ స్టీల్ ప్లాంటులో, రోలింగ్ మిల్లు దగ్గర, ఇదే గ్యాసుకు ఆరుగురు చనిపోయారు. 2014 జూన్‌లో భిలాయి స్టీల్ ప్లాంటులోనూ ఆరుగురే పోయారు. వాళ్ళలో పెద్ద హోదా ఉన్న అధికారులు కూడా ఉన్నారు, అంటే చదువు, అనుభవం కూడా ఈ గ్యాసు ముందు అక్కరకు రాలేదు. ట్యాంకులు, గుంతలు, సొరంగాలు లాంటి ఇరుకు చోట్లలో జరిగిన చావులను అమెరికాలో కార్మికుల భద్రతను పరిశోధించే నియోష్ సంస్థ లెక్క తీసింది. 1986లో ఆ లెక్క బయటపెట్టింది. చనిపోయినవాళ్ళలో నూటికి అరవై మందికి పైగా మొదట పడినవాళ్ళు కారు. పడినవాణ్ణి తీయడానికి దిగినవాళ్ళు.

ఇవన్నీ నీకు ఎవరూ చెప్పలేదు. గేటు పాస్ ఇచ్చిన రోజు హిందీలో ఒక వీడియో వేశారు. గుంత పక్కన బోర్డు మీద కన్నడంలో "అపాయ" అని రాసుంది. ఆ అక్షరాలు నువ్వు చదవగలవు. చదివావు కూడా.

"మామా, వస్తాండా, ఉండు!"

దిగుతావు.

ఒక మెట్టు. రెండు మెట్లు.

ఊపిరి బిగబట్టావు. చెయ్యి చాచావు. మామ కాలరు అందలేదు. ఇంకొంచెం వంగాలి. వంగావు. ఊపిరి ఆగలేదు. వదిలావు. పీల్చావు.

నుదురు బిగుసుకుంది.

మళ్ళీ పీల్చావు.

చెవుల్లో గుండె కొట్టుకుంటోంది.

పైకి రావాలి. తెలుసు. చెయ్యి మెట్టు మీదే ఉంది. వేళ్ళలో పట్టు లేదు. పట్టుకో. మోకాలు లేపు. లేవదు. పట్టుకో.

వెలుతురు తగ్గింది.

ఎవరో నీ నడుం బెల్టు పట్టారు.

*

కళ్ళు తెరిస్తే అంబులెన్స్ పైకప్పు. ముక్కు మీద మాస్కు. తల పగిలిపోతోంది. వాంతి వస్తోంది. పక్కన కూర్చున్న కుర్రవాడు నీ చూపుడువేలికి చిన్న మిషను తగిలించాడు. కరోనా రోజుల నుంచి అది ఊరందరికీ తెలిసిందే.

"99 చూపిస్తాందన్నా. ఏం భయం లేదు."

ఆ 99ని నమ్మకు. మిషను నీ వేలిలోంచి వెలుగు పంపి రక్తం ఎంత ఎర్రగా ఉందో చూస్తుంది. ఆక్సిజన్ ఎక్కిన రక్తం ఎర్రగా ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన రక్తమూ ఎర్రగానే ఉంటుంది. మిషనుకు తేడా తెలియదు. అందుకే ఒళ్ళంతా ఆక్సిజన్ లేక అల్లాడుతున్నవాడికి కూడా అది 99 చూపించగలదు.

రక్తంలో జరిగింది ఇది. హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను ఎక్కించుకుని ఒళ్ళంతా తిరిగి దించుతుంది. రాయదుర్గం బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్ళు విసిరి సీట్లన్నీ పట్టేసినట్టు, కార్బన్ మోనాక్సైడ్ వచ్చి ఆ చోట్లన్నీ పట్టేస్తుంది. హిమోగ్లోబిన్‌ను పట్టుకోవడంలో దానికి ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలం ఉంది. పట్టాక త్వరగా వదలదు. మామూలు గాలి పీలుస్తూ ఉంటే సగం వదలడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కులోంచి నిండు ఆక్సిజన్ ఇస్తే సుమారు గంట, గంటన్నర. నీ ముక్కు మీద మాస్కు అందుకే. వాంతి వస్తున్నా దాన్ని పీకేయకు.

బళ్ళారి ఆసుపత్రిలో మణికట్టు దగ్గర లోతుగా సూది గుచ్చి ధమనిలోంచి రక్తం తీశారు. బాగా నొప్పి పెట్టింది. కాగితం వచ్చింది. నీ హిమోగ్లోబిన్‌లో నూటికి 28 వంతులు ఇంకా ఆ గ్యాసు చేతిలోనే ఉన్నాయి, అదీ దారి పొడవునా ఆక్సిజన్ పీల్చాక. పొగతాగని మనిషిలో అది రెండు మూడుకు మించదు.

"ఎంతసేపు స్పృహ లేదు?" డాక్టర్ అడుగుతుంది.

నీకు తెలియదు. మామ ఎలా ఉన్నాడని అడుగుతావు. ఆమె నీ వెనక నిలబడ్డ మేస్త్రీ వైపు చూస్తుంది. మేస్త్రీ తల దించుకుంటాడు.

మూడో రోజుకు తలనొప్పి పోయింది. అన్నం తిన్నావు. వరండాలో నడిచావు. ఒంటికి హాయిగా ఉంది. ఇక్కడ ఇంకో నిర్ణయం తీసుకోవాలి. ఇంకో రెండు రోజులుండి తలకు స్కాన్ తీయించుకోమంటున్నారు. పని చేయని రోజుకు కూలి లేదు. మామ దినాలకు నువ్వు ఊళ్ళో ఉండాలి. బాగైనవాడు మంచం పట్టుకుని ఎందుకుండాలి?

డిశ్చార్జ్ కాగితం అడుగున పెన్నుతో ఒక వాక్యం రాశారు. మూడు వారాలకు వచ్చి చూపించుకోవాలి, మతిమరుపు గానీ నడకలో తేడా గానీ కనిపిస్తే వెంటనే రావాలి. అది ఇంగ్లీషులో ఉంది. మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటావు. ఓబుళాపురం చేరితే ఆంధ్ర. ఇంటికొస్తావు.

*

ఆ తర్వాత రెండు వారాల గురించి చెప్పడానికి ఏమీ లేదు. చేను చూసొచ్చావు. బావమరిది పెళ్ళి మాటలకు పోయొచ్చావు. పనిలోకి ఎప్పుడొస్తావని మేస్త్రీ ఫోన్ చేశాడు. అందరూ నిన్ను చూసి గండం గడిచిందన్నారు.

మూడు వారాలు కావస్తోంది.

పొద్దున. నీ ముందు ఉగ్గాని పళ్ళెం. చేతిలో మిరపకాయ బజ్జి. నీ భార్య ఏదో అడిగింది. బజ్జి చేతిలో ఉంది. ఆమె మళ్ళీ అడిగింది. బజ్జి ఇంకా చేతిలోనే ఉంది. ఆమె ఏం అడిగింది?

"ఏమయ్యా, అడుగుతాంటే పలకవేంది?"

చొక్కా గుండీ పెట్టుకుంటున్నావు. గుండీ కాజాలోకి పోవడం లేదు. ఇంకోసారి. పోవడం లేదు. ఇంకోసారి. ఎంతసేపు నిలబడ్డావో నీకు తెలియదు. పిల్ల బడికి పోయి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చింది. నువ్వు అద్దం ముందే ఉన్నావు.

వీధి చివర నిలబడి ఉన్నావు. ఇల్లు ఎటు? తెలిసిన వీధే.

అడుగులు చిన్నవయ్యాయి. కాళ్ళు నేలను వదిలి లేవడం లేదు. ఎవరో పిలిచారు. తల తిప్పాలి. తిప్పాలి.

లుంగీ తడిగా ఉంది.

నీకు సిగ్గు వేయలేదు. ఆ తడి నీకు పట్టనే లేదు. నీ భార్యను అన్నిటికంటే భయపెట్టింది అదే.

ఇక్కడి నుంచి నిర్ణయాలు నీ చేతిలో లేవు. నీకు జబ్బు చేసిందన్న సంగతి కూడా నీకు తెలియదు. కాబట్టి ఇప్పుడు నువ్వు నీ భార్య చోటికి రా. ఆమె కళ్ళతో చూడు.

నీ మొగుడు గడపలో కూర్చుని ఎండలోకి చూస్తున్నాడు. మూడు రోజులుగా పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. మామ పోయిన దిగులని మీ అత్త అంటుంది. గాలి సోకింది, తాయెత్తు కట్టించమని ఎదురింటామె అంటుంది. దొంగచాటుగా తాగుతున్నాడని మీ మరిది అనుమానం. ఊళ్ళో మందులిచ్చే ఆయన వచ్చి నీరసమని సూది వేసిపోయాడు. గ్యాసు సంగతి ఎవరి నోటా రాలేదు. అది మూడు వారాల కిందటి మాట, దాని పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. బాగైనవాడికి మళ్ళీ గ్యాసు ఎట్లా పడుతుంది?

రేషన్ కార్డు, ఆధార్ పెట్టే ప్లాస్టిక్ కవరులో ఆ కాగితం ఉంది. చొక్కా ఉతికేటప్పుడు నువ్వే తీసి దాచావు. డిగ్రీ చదివే పక్కింటి అబ్బాయి చేత చదివిస్తావు. అడుగున పెన్నుతో రాసింది చదివి వాడు ఆగిపోతాడు.

"అక్కా, దీంట్లో ఇదే రాసినారు."

తెల్లారి మొదటి బస్సుకు బళ్ళారి.

*

డాక్టర్ నీ మొగుడికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కన్నడం కలిసిన తెలుగులో మాట్లాడుతోంది.

"నూరులోంచి ఏడు తీసేస్తే ఎంత?"

"తొంభై మూడు."

నీకు ఊపిరి వచ్చినట్టయింది. పదో తరగతి దాకా లెక్కల్లో ఆయనే ఫస్టు.

"దాంట్లోంచి ఇంకో ఏడు?"

"తొంభై మూడు."

"ఇంకో ఏడు?"

"తొంభై మూడు."

గడియారం బొమ్మ వేయమంటే పన్నెండు అంకెలూ ఒకే పక్కన ఇరికించాడు. మూడు మాటలు చెప్పి ఐదు నిమిషాలకు అడిగితే ఒక్కటీ రాలేదు. నడవమంటే అడుగులో అడుగు వేసుకుంటూ పోయి గోడ దగ్గర ఆగిపోయాడు, వెనక్కి తిరగడం ఎలాగో తోచక.

ఎం.ఆర్.ఐ. ఫోటోలో మెదడు నడుమ రెండు పక్కలా చిన్న మచ్చలు. గ్లోబస్ పాలిడస్ అనే భాగం అక్కడే ఉంటుంది, శరీరం కదలికలకు అది ముఖ్యం. ఆక్సిజన్ కరువైనప్పుడు ముందు దెబ్బతినే చోట్లలో అదొకటి. చుట్టూ తెల్లగా పరుచుకున్నది ఇంకొక దెబ్బ. నరాల తీగల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఆ పొర పాడవుతోంది.

"ఆ పొద్దు బాగానే ఉన్నాడు కదమ్మా. ఇన్నాళ్ళకు ఎందుకొచ్చింది?"

ఇది ప్రపంచంలో ఎందరో అడిగిన ప్రశ్న. గ్యాసు రక్తంలోంచి పోయాక కూడా అది రేపిన గొడవ మెదడులో ఆగదు. స్టీఫెన్ థామ్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికాలో ఎలుకల మీద చేసిన పరిశోధనను 2004లో ప్రకటించింది. గ్యాసు దెబ్బకు మైలిన్‌లోని ఒక ప్రోటీన్ రూపు మారుతుంది, మారిన ఆ ప్రోటీన్‌ను ఒంటి రక్షణ వ్యవస్థ పరాయిదనుకుని దాడి చేస్తుంది. ఆ దాడి పెరగడానికి రోజులు పడుతుంది. మనిషిలో అంతా ఇదే తీరుగా జరుగుతుందా అన్నది ఇంకా తేలాల్సి ఉంది. కానీ మధ్యలో హాయిగా గడిచే రోజులు ఎందుకుంటాయో దీంతో కొంత అర్థమవుతుంది.

"బాగవుతాడా?"

డాక్టర్ దగ్గర జవాబు ఉంది. ఆ జవాబు దక్షిణ కొరియా నుంచి వచ్చింది. ఒకప్పుడు అక్కడి ఇళ్ళలో చలికి నేల కింద బొగ్గు దిమ్మలు కాల్చేవాళ్ళు. నేల పగిలితే గ్యాసు గదిలోకి వచ్చేది, నిద్రలోనే ప్రాణాలు పోయేవి. సియోల్‌లో ఐ. ఎస్. చోయ్ అనే నరాల వైద్యుడు 1976 నుంచి 1981 వరకు ఈ గ్యాసు పట్టిన 2,360 మంది వివరాలు పరిశీలించి 1983లో ప్రచురించాడు. వాళ్ళలో 65 మంది నీ మొగుడి లాగే బాగై, తర్వాత చెడ్డారు. మొత్తం మీద చూస్తే నూటికి ముగ్గురి కంటే తక్కువ. ఆసుపత్రిలో చేరినంత తీవ్రంగా ఉన్నవాళ్ళలో మాత్రం నూటికి దాదాపు పన్నెండు మంది. మధ్యలో బాగున్న రోజులు కొందరికి రెండే, కొందరికి నలభై. సగటున 22. మతి తప్పడం, మూత్రం అదుపు తప్పడం, నడక మారడం, మాట ఆగిపోవడం, ఈ వారంలో నీ ఇంట్లో నువ్వు చూసినవన్నీ ఆయన జాబితాలో ఉన్నాయి.

ఆ 65 మందిలో 36 మందిని ఆయన తర్వాత కూడా చూస్తూ వచ్చాడు. ఏడాదిలోపు 27 మంది కోలుకున్నారు.

నలుగురిలో ముగ్గురు. నువ్వు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటావు. ఆ నాలుగోవాడు ఎవరో ఈ రోజు ఏ డాక్టరూ చెప్పలేరు.

ఒత్తిడి పెంచిన గదిలో పడుకోబెట్టి ఆక్సిజన్ ఇచ్చే వైద్యం కూడా ఉంది. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో లిండెల్ వీవర్ బృందం 152 మందితో చేసిన పరీక్ష 2002లో వచ్చింది. ఆ గది వైద్యం మొదటి రోజే అందినవాళ్ళలో ఆరు వారాలకు జ్ఞాపకం, ఆలోచన దెబ్బతిన్నవాళ్ళు నూటికి 25 మంది, అందనివాళ్ళలో 46 మంది. తర్వాత వేరేచోట చేసిన పరీక్షల్లో అంత మేలు కనబడలేదు, వైద్యుల్లో ఆ వాదన ఇంకా నడుస్తోంది. వాదన ఎటు తేలినా ఆ గదులు పెద్ద నగరాల్లోనే ఉంటాయి. మెట్టు మీద పడ్డ మనిషిని గంటల్లో అక్కడికి చేర్చడం తోరణగల్లు నుంచి తేలిక కాదు. మామూలు మాస్కు, నిండు ఆక్సిజన్, ఆలస్యం లేకుండా. ఇక్కడ చేతికందేది అది. దాన్నైనా ఎవరికీ తప్పనివ్వకూడదు.

డాక్టర్ గుండె పరీక్ష కూడా రాసింది. నీకు ఆశ్చర్యం వేస్తుంది. చెడింది తల కదా, గుండెకెందుకు? అమెరికాలో మినియాపొలిస్ వైద్యులు ఈ గ్యాసు గట్టిగా పట్టిన 230 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. 2006లో ఫలితం చెప్పారు. నూటికి 37 మందికి ఆ రోజే గుండె కండరం దెబ్బతింది. దాదాపు ఏడున్నరేళ్ళు గడిచేసరికి, గుండె దెబ్బతిన్నవాళ్ళలో నూటికి 38 మంది చనిపోయారు. దెబ్బతిననివాళ్ళలో 15 మంది. అందుకే ఆ చీటీ.

*

పక్కన ఇంకో చిన్న డాక్టరమ్మ నిలబడి ఉంది. పీజీ చదువుతోంది. చేతిలో పెద్ద నోటు పుస్తకం, గీతలు గీసిన పేజీలు.

"అక్కా, ఈయన వివరాలు రాసుకుంటాను. ఆరు వారాలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఇదే పరీక్ష మళ్ళీ చేయాలి. మీరు తీసుకొస్తారా?"

ప్రతిసారీ రెండు బస్సు టికెట్లు, ఒక రోజు కూలి. పిల్లను ఎవరి దగ్గర వదలాలి? రాసుకుంటే నీకేం వస్తుంది?

ఆమె పుస్తకంలోని పై పేజీ చూడు. పేర్ల ఎదురుగా గళ్ళు ఖాళీగా ఉన్నాయి. డిశ్చార్జ్ అయి పోయారు. ఫోన్ నంబర్ పని చేయదు. కాంట్రాక్ట్ మారింది, ప్లాంట్ మారింది. ఊరు ఆంధ్రలో, పని కర్ణాటకలో. బళ్ళారిలో కాగితం పుడుతుంది, జబ్బు మూడు వారాల తర్వాత రాయదుర్గంలోనో అనంతపురంలోనో బయటపడుతుంది. అక్కడి డాక్టరుకు ఈ కాగితం చేరదు. దిగులనో, తాగుడనో, చిన్న వయసులో పక్షవాతమనో రాసేస్తారు. 1953 దాకా బళ్ళారి, అనంతపురం రెండూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. రెండు రాష్ట్రాల మధ్య గీత గీసిన తర్వాత కూడా పెళ్ళిళ్ళు, సంతలు, కూలి పనులు అటూ ఇటూ ఆగలేదు. రోగి కాగితం మాత్రం గీత దగ్గర ఆగిపోతోంది. ఇంత ఇనుము కరిగే నేల మీద, గ్యాసు పట్టిన కూలి మనిషి ఏడాది తర్వాత ఎలా ఉన్నాడో అడిగేవాళ్ళు ఉండాలి. ఇది నాకు చాలా పెద్ద లోటుగా కనిపిస్తుంది.

లెక్క పట్టుకుని కూర్చుంటే ఏం తెలుస్తుందో జపాన్ చూపించింది. 1963 నవంబరు 9న మియికె బొగ్గు గనిలో పేలుడు. 458 మంది చనిపోయారు. 839 మంది గ్యాసు పట్టి బతికారు. బతికిన ఆ మగవాళ్ళు ఇంటికొచ్చి పిల్లల పేర్లు మరచిపోయారు, చిన్నదానికే మండిపడ్డారు, చేతిలో పని మధ్యలో వదిలేశారు. ఒంటి మీద గాయం లేదు కాబట్టి బాగయ్యారన్నారు. వాళ్ళ భార్యలు ఒప్పుకోలేదు. 1967లో ఆ ఆడవాళ్ళు గని లోపలికి దిగి బైఠాయించారు. ఆ ఏడాదే గ్యాసు పట్టిన గని కార్మికుల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. మినమాత పాదరసం జబ్బు మీద జీవితమంతా పనిచేసిన డాక్టర్ హరదా మసజుమి, ఆయన తోటివాళ్ళు మియికె రోగులను 33 ఏళ్ళ తర్వాత కూడా వెతికి పరీక్షించారు. అంతకాలం గడిచినా చాలామందిలో మతిమరుపు, మనస్తత్వంలో మార్పు పోలేదు. ఏడాదితో లెక్క ముగిస్తే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

మొగుడి జబ్బు గురించి మొదట తెలిసేది భార్యకే. ఎం.ఆర్.ఐ. కంటే ముందు ఉగ్గాని పళ్ళెం ముందు నువ్వు పసిగట్టావు. ఆ నోటు పుస్తకంలో ఖాళీ గడి నిండాలంటే నీ మాట కావాలి.

"వస్తాంలేమ్మా. రాసుకో."

సంతకం పెడతావు. ఫోన్ నంబర్ రెండు రాయిస్తావు, నీదీ, పక్కింటి అబ్బాయిదీ.

*

ఇప్పుడు నువ్వు మళ్ళీ నువ్వే. చదువుతున్నవాడివి, చదువుతున్నదానివి. నీ ఇంట్లో ఎవరైనా ఫర్నేస్ దగ్గరో, స్పాంజ్ ఐరన్ కొలిమి దగ్గరో, జనరేటర్ గదిలోనో పని చేస్తుండవచ్చు. చలికి గదిలో నిప్పుల కుంపటి పెట్టుకుని తలుపు మూసుకునే ముసలమ్మ ఉండవచ్చు. స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉండవచ్చు. గ్యాసు అదే, నలభై రోజుల లెక్కా అదే.

ఎవరైనా పడిపోతే గాలి సిలిండర్ లేకుండా గుంతలోకి దిగకు. కేక వెయ్యి, మనుషులను పిలువు. ఇంట్లో అయితే ఊపిరి బిగబట్టి తలుపులు, కిటికీలు తెరిచి, మనిషిని బయటి గాలిలోకి లాగు. ఆసుపత్రిలో వేలి మిషను 99 చూపినా మాస్కు తీయనివ్వకు, ధమని రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూడమని అడుగు. ఆ కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు దాచు. క్యాలెండర్‌లో నలభయ్యో రోజు మీద సున్నా చుట్టు. ఆ లోపల మాట తగ్గినా, అడుగు మారినా, మనిషి తీరు మారినా, ఏ ఊరి ఏ డాక్టరు దగ్గరికి పోయినా మొదటి మాటగా ఇది చెప్పు: "గ్యాస్ పట్టింది. ఇన్ని రోజులైంది." పనిచోట పట్టిన గ్యాసైతే ఆ తేదీ మేస్త్రీ చేత రాయించుకో. కార్మికుల పరిహార చట్టాల్లోని వృత్తి వ్యాధుల జాబితాలో కార్బన్ మోనాక్సైడ్ వల్ల వచ్చే జబ్బులు ఉన్నాయి. పరిహారం అడిగేటప్పుడు ఆ తేదీ నీకు సాక్ష్యం.